గది దాటని పుస్తకం

ధనకోటి ఒక చేత్తో నాలుగో కుర్చీ తుడుస్తూ, ఇంకో చేత్తో పుస్తకంలో నిన్న ఆపిన పేజీ వెతుక్కుంటోంది. తిరువళ్ళూరు డయాలసిస్ సెంటర్లో ఆమెది తుడిచే పని. పొట్టి మనిషి. మోచేతుల దాకా ఫినాయిల్ వాసన. తిరుత్తణి లైబ్రరీలో మూలనున్న తెలుగు పుస్తకాల అరకు ఇప్పుడు ఆమె ఒక్కతే దిక్కు. కథలు ముట్టదు. సీరియళ్ళు చాలవా అంటుంది. చీమలు దారెలా కనుక్కుంటాయి, తిమింగలం ఎలా నిద్రపోతుంది, ఇవీ ఆమెకు కావలసినవి. చదివి ఊరుకునే రకమూ కాదు. చేతికి సూదితో నాలుగు గంటలు కదలలేని రోగులు ఆమెకు చిక్కినట్టే.

పూండి దగ్గర సేద్యం చేసుకునే జయరామ సోమ, గురువారాలు వస్తాడు. మూడు నెలల కిందట, "పోదుం ధనకోటీ, చాలు. ఇంక రాను" అన్నాడు. రాకపోతే ఎన్నాళ్ళో బతకడని ఇద్దరికీ తెలుసు. ఆమె చీమల పుస్తకం చేతిలో పెట్టి, మంచి పట్టు మీదుండగా లాక్కుంది.

"గది దాటి పోకూడదయ్యా, రూలు. సోమవారం వచ్చి సదువుకో."

అలాంటి రూలేదీ లేదు. ఆ అబద్ధం మీదే అతను పాతికసార్లు వచ్చాడు.

ఈ గురువారం ఒక నది గురించి లావుపాటి పుస్తకం ఇచ్చింది.

"పలచంది యాడా దొరకలేదా?"

"నిదానంగా సదువయ్యా. ఆ నది కొండకింద దూరి మాయమైపోతాది. మళ్ళా యాడ తేలతాదో నేను చెప్పను."

సాయంత్రం దుప్పటి మడుస్తుంటే పుస్తకం కనబడలేదు. ఎత్తుకుపోయాడంటే ఇంక రాడనే. దిండు కింద పాత నోటుపుస్తకం ఒకటి ఉంది. మొదటి పేజీలో, "నువ్విచ్చినవన్నీ చదివినాను. ఇది నువ్వు చదువు. అంతా నిజమే."

తన బావిలో ఎన్ని మట్ల లోతు నీళ్ళున్నాయో ముప్ఫై ఏళ్ళుగా ప్రతి సోమవారం రాసుకున్నాడు. రైల్లో కూర్చుని మొదటి పేజీలు చదివింది. వాన పడని ఒక ఏడాది బావిలో నీళ్ళు పెరిగాయి. ఎందుకో రాయలేదు. వస్తే అడగాలనుకుంది. రాడేమోనని ఏడుపొచ్చింది.

సోమవారం తొమ్మిదిన్నరకు అతని కూతురు ఉష ఫోన్ చేసింది.

"నాయన పోయినాడక్కా. బస్సుకని చొక్కా తొడుక్కోని, నీ పుస్తకం సంచిలో పెట్టుకోని కూర్చున్నాడు. అట్లనే."

వచ్చేవాడే. ధనకోటి ఆ మాటే పదేపదే అనుకుంది. అతను కూర్చునే నాలుగో కుర్చీలోకి ఇంకొకరు రావాలి. తుడవడానికని నోటుపుస్తకం పక్కన పెడుతుంటే చివరి పేజీ తెరుచుకుంది. ఆ సోమవారం తేదీ అతను ముందే వేసి ఉంచాడు. దాని పక్కన మట్లు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.