బలం మందు

ఆ పేరు పెట్టింది వదినే. తర్వాత ఎవరి మీద ఎంత మండిపడినా, ఈ ఒక్క సంగతి గుర్తొస్తే మాత్రం ఆవిడ కోపం తన నోటి మీదికే మళ్ళేది.

వదిన అంటే ఆ లాండ్రీలో అందరికీ వదినే. అసలు వరస ఒక్కరికే. పెద్ద ఇస్త్రీ యంత్రం దగ్గర ఆవిడకు జోడీగా నిలబడే పిల్ల ఆవిడ మరదలు, మొగుడి చెల్లెలు. ఆ పిల్ల రోజంతా "వదినా, వదినా" అని పిలవగా పిలవగా, ఉతికేవాళ్ళూ, మడతపెట్టేవాళ్ళూ, వ్యాన్ డ్రైవరూ, ఆఖరికి ఆవిడకన్నా పదేళ్ళు పెద్దదైన కుట్టుపని ఆవిడ కూడా వదినా అనే అలవాటు చేసుకున్నారు. వదిన మాత్రం ఎవరినీ ఉన్న పేరుతో పిలిచిన పాపాన పోలేదు. తనకు తోచిన పేరు పెట్టేది, అది అతుక్కుపోయేది. మేనేజరుకు గడియారం అని పెట్టింది. మణికట్టు చూసుకోకుండా అతను రెండు మాటలు మాట్లాడలేడు మరి. ఎవరు ఎప్పుడు టైమడిగినా సెకన్లతో సహా చెప్పేవాడు, నిద్రలో అడిగినా చెప్పేస్తాడని అందరూ నవ్వుకునేవారు.

వాళ్ళ పని చూడ్డానికి సులువుగా ఉంటుంది. హోటళ్ళ నుంచి, ఆస్పత్రుల నుంచి వచ్చిన దుప్పట్లు తడితడిగా బండి మీద వస్తాయి. ఇద్దరూ చెరో కొస పట్టుకుని, ఒక్క విసురు విసిరి, ముడత లేకుండా లాగి, అంచును వేడి రోలర్ల మధ్యకు అందించాలి. మళ్ళీ ఇంకోటి, ఆ వెంటనే మరోటి. ఒకరు అరక్షణం వెనకబడితే గుడ్డ వంకర పోతుంది. చెయ్యి వెనక్కి తీసుకోవడం అరక్షణం ఆలస్యమైతే నష్టం గుడ్డతో ఆగదు. అందుకే నెత్తి మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక ఎర్ర తాడు కట్టి ఉంటుంది. లాగితే యంత్రం చచ్చినట్టు ఆగుతుంది. ఏడేళ్ళలో వదిన దాన్ని లాగింది రెండే రెండుసార్లు.

ఇంతకు ముందు పదిన్నరకు యంత్రం దానంతట అదే ఆగేది. ఇరవై నిమిషాలు అందరూ దుప్పట్ల మూటల మీద కూర్చుని టీ తాగేవారు, మోకాళ్ళు నొక్కుకునేవారు, ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు. ఒక సోమవారం గడియారం ఒక అద్దాల ఫ్రిజ్ తెచ్చి గోడ పక్కన పెట్టించాడు. నిండా రంగురంగుల డబ్బాలు.

"మీ కోసమే తెప్పించాను. ఎనర్జీ డ్రింకులు. ఎన్ని కావాలంటే అన్ని తాగండి, ఊరికే. ఇకనుంచి పదిన్నరకు ఆగక్కర్లేదు. కూర్చుంటే ఒళ్ళు బద్ధకిస్తుంది. నిలబడే ఒక గుక్క తాగారనుకోండి, హుషారు అదే వస్తుంది" అన్నాడు.

వదిన ఒక డబ్బా తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "అబ్బో! మనిషిని కూర్చోనివ్వకుండా బలం తెప్పించే మందన్నమాట. బలం మందు!" అంది.

అందరూ పగలబడి నవ్వారు. నెల తిరిగేసరికి నవ్వు పోయింది, పేరు మిగిలింది. "ఒక బలం మందు ఇటివ్వు" అనడంలో ఎవరికీ వెటకారం వినిపించడం మానేసింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర దాని మీద రోజూ పంచాయితీయే. వ్యాన్ డ్రైవరు అది లేకపోతే స్టీరింగ్ ముట్టనన్నాడు. మడతపెట్టే ముసలాయన, టీలో ఉన్నదే అందులోనూ ఉంది, ఊరికే రాద్ధాంతం చెయ్యకండన్నాడు. కుట్టుపని ఆవిడ ఒకసారి తాగి, ఆ రాత్రంతా పైకప్పు చూస్తూ పడుకున్నానని, ఇంక జన్మలో ముట్టనని ఒట్టేసింది. "రంగేసిన పంచదార నీళ్ళు, దానికింత హంగామానా" అని ఇంకొకరు. వదినకు ఆ డబ్బాలో ఏముందో తెలియదు. దాన్ని పెట్టి ఏం లాక్కున్నారో మాత్రం తెలుసు. ఆ ఫ్రిజ్ గుయ్యిమంటుంటే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కేది.

మరదలు ఆ ఫ్రిజ్‌కు దాసురాలైపోయింది. ఇంట్లో పళ్ళొస్తున్న చంటిపిల్ల, రాత్రిళ్ళు కునుకు ఉండదు. పొద్దున రాగానే ఒకటి, పదిన్నరకు ఒకటి, అన్నం మానేసి ఒకటి, సాయంత్రం బండి నిండా దుప్పట్లు మిగిలితే ఇంకొకటి.

"కడుపులో అన్నం పడకుండా ఆ డబ్బాలేంటే?" అని వదిన రోజూ కసురుకునేది.

"నీకు ప్రతిదానికీ కోపమే వదినా. కాఫీ మానేశానా లేదా? ఏడాదైంది, చుక్క ముట్టలేదు. ఇదొక్కటీ తాగనీ."

"కాఫీ మానేసి ఉద్ధరించావులే."

"నీతో సమానంగా దుప్పట్లు విసరాలంటే నాకు ఆ మాత్రం ఉండాలి" అని నవ్వేసేది మరదలు. నిజంగానే ఆ యంత్రం ముందు ఇద్దరిలో ఎవరు తగ్గినా రెండోవాళ్ళకు చావే.

కొన్నాళ్ళకు మరదలి చేతులు వణకడం మొదలైంది. గుండె గబగబా కొట్టుకుంటోందని రొమ్ము మీద చెయ్యి వేసుకుని నిలబడేది. వదిన సగం రోజు సెలవడిగి, తనే వెంటబెట్టుకుని దగ్గరి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. బయట బెంచీ మీద గంటన్నర, లోపల నాలుగు నిమిషాలు.

"టీ, కాఫీలు ఎక్కువా?" అని అడిగాడు డాక్టరు, కాగితం మీంచి తలెత్తకుండా.

"కాఫీ మానేసి ఏడాదైందండీ" అంది మరదలు గర్వంగా. "టీ కూడా తాగను."

"మందులేమైనా వాడుతున్నారా?"

మరదలు వదిన వైపు చూసింది. "ఏం లేవండీ, బలం మందు తాగుతుంది, అంతే. మేం పనిచేసే చోటే ఇస్తారు" అంది వదిన. రోజూ ఆ డబ్బాను తిట్టిపోసే మనిషే. అయినా ఆ క్షణాన నోటికి దాని పేరుగా అదే వచ్చింది.

"మంచిదే. మనిషి నీరసంగా ఉంది. నిద్ర తక్కువైంది, తిండి తక్కువైంది" అంటూ డాక్టరు రాసుకుపోయాడు. కాగితం మీద ఆఖరి వరుస గుండ్రటి అక్షరాల్లో ఉంది: బలం మందు కొనసాగించాలి.

వదిన తెల్లబోయింది. అంత చదువుకున్నవాడే మంచిదంటే ఇక తనకు తెలిసిందేముంది? ఇన్నాళ్ళూ ఊరికే అరిచానా అనుకుంది. "చూశావా, ఇంక నన్ను తిట్టకు" అని దారి పొడుగునా మరదలు ఉడికిస్తూనే ఉంది. ఆ రోజు నుంచి వదిన డబ్బాల గురించి కసరడం మానేసింది.

సెలవుకు రుజువు కావాలన్నాడని ఆ చీటీ గడియారానికి ఇచ్చారు. అతను చదివాడు. ఇంకోసారి చదివాడు. ముఖం చాటంత అయింది. ఆఖరి వరుస చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా గీత గీసి, ఆ చీటీని ఫ్రిజ్ పైన గోడకు అంటించాడు. "డాక్టర్లే రాస్తున్నారు!" అని పనిచేసే ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పొచ్చాడు.

పన్నెండు రోజులు గడిచాయి. పదమూడో రోజు పొద్దున పదకొండవుతుండగా, దుప్పటి విసిరిన విసురుకు మరదలి వైపు కొస తిరిగి రాలేదు. వదిన తలెత్తి చూసింది. ఆ పిల్ల కళ్ళు తేలేసి ముందుకు వాలిపోతోంది. గుడ్డను గుప్పిట్లోంచి వదల్లేదు. రోలర్లు గుడ్డను లాక్కుంటున్నాయి, గుడ్డ చేతిని లాక్కుంటోంది. వదిన ఎగిరి ఎర్ర తాడు పట్టుకుని వేలాడింది.

యంత్రం ఆగింది. ఆ చేతికీ రోలరుకూ మధ్య జానెడు కూడా లేదు. అంత పెద్ద షెడ్డులో ఫ్రిజ్ చప్పుడొక్కటే వినిపించింది.

ఆస్పత్రిలో మరదలి ఒంటికి వైర్లు తగిలించి, గుండె కొట్టుకోవడాన్ని కాగితం మీద గీతలుగా తీశారు. డాక్టరు ఆయనే. ఈసారి తలెత్తి చూశాడు, కుర్చీ కూడా లాక్కుని కూర్చున్నాడు.

"గుండె ఇంత వేగంగా కొట్టుకుంటోందేంటి? ఏం తీసుకుంది?"

"మీరు రాసిందే. బలం మందు" అంది వదిన. మరదలి ఏప్రన్ జేబులో ఉన్న డబ్బా తీసి, టక్కున బల్ల మీద పెట్టింది.

ఆయన డబ్బా వైపు చూశాడు. తర్వాత వదిన వైపు చూశాడు. "ఇదా? మీరు బలం మందన్నది దీన్నా? నేను టానిక్ అనుకున్నానండీ!"

వదినకు అప్పుడర్థమైంది.

"రోజుకెన్ని తాగుతుంది?"

"నాలుగు."

"ఒక్కోదాంట్లో రెండు కప్పుల కాఫీలో ఉండేంత కెఫీన్ ఉంది. అంటే రోజుకు ఎనిమిది కప్పులు, అదీ ఖాళీ కడుపు మీద, నిద్ర లేకుండా. ఎప్పుడో ఒకటి తాగితే ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఏమీ కాకపోవచ్చు. ఇలా తాగితే గుండె ఊరుకుంటుందా?" అని డబ్బా పక్కకు తిప్పాడు. "ఇదిగో, రోజుకు ఒకటి మించకూడదని వీళ్ళే రాశారు, చీమ తలకాయంత అక్షరాలతో."

"నేను తప్పు పేరు చెప్పాను. ఒప్పుకుంటున్నాను, బుద్ధి తక్కువై చెప్పాను. మరి మీరు? అదేం మందు, ఎవరిచ్చారు అని ఒక్క మాట అడిగితే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా? ఇంకో జానెడు జరిగితే పిల్ల చెయ్యి పోయేది!" వదిన గొంతు వరండా అంతా వినిపించింది. నర్సు పరుగెత్తుకొచ్చింది.

డాక్టరు నర్సును వెళ్ళిపొమ్మని సైగ చేశాడు. "అడగాల్సింది. అడగలేదు" అన్నాడు. వారం రోజులు విశ్రాంతి, ఆ డబ్బాలు మళ్ళీ ముట్టకూడదు, ప్రస్తుతానికి భయం లేదు అని కొత్త చీటీ రాసి, ఒక్కో మాటా విడమరిచి చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే కొత్త చీటీ తీసుకెళ్ళి గడియారం చేతిలో పెట్టింది. అతను చదివి, మడిచి, సొరుగులో వేశాడు.

"గోడ మీద అంటించరా?"

"ఇది ఆ పిల్ల ఒక్కదాని ఒంటి సంగతి. అందరికీ చెప్పి భయపెట్టడమెందుకు?"

"అదీ ఆ పిల్ల చీటీయేగా? మరి గోడ మీదెందుకుంది?"

"అది అందరికీ పనికొచ్చే సలహా" అని మణికట్టు చూసుకున్నాడు. "ఆరు నిమిషాలు లేటయింది. జోడీకి వేరే మనిషిని ఇస్తాను, వెళ్ళి నిలబడు."

ఒళ్ళు మండిపోయి ఆ సొరుగు పట్టుకుని లాగేద్దామనుకుంది. ఆ ఫ్రిజ్ అద్దం పగలగొట్టేద్దామనుకుంది. వెళ్ళి నిలబడింది. వారం రోజులు పళ్ళు బిగబట్టి దుప్పట్లు విసిరింది, ఒక్కరికీ కొత్త పేరు పెట్టలేదు. విసిరిన ప్రతిసారీ ఎర్ర గీత చుట్టిన ఆ వరుస కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంది. అన్నాల దగ్గర మాత్రం డాక్టరు చెప్పింది చెప్పినట్టు అందరికీ చెప్పింది. డ్రైవరు మొహం ముడుచుకున్నాడు గానీ, ఆ రోజు రెండో డబ్బా తియ్యలేదు.

ఎనిమిదో రోజు మరదలు తిరిగొచ్చింది. కాస్త తేలిక పని అని మడతల దగ్గర నిలబెట్టారు. ముఖం ఇంకా పాలిపోయే ఉంది. పదిన్నర కొట్టింది. ఆ పిల్ల ఫ్రిజ్ వైపు చూసి, చప్పున తల తిప్పుకుని, ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని నిలబడటం వదిన కంటబడింది.

వదిన చెయ్యెత్తి ఎర్ర తాడు లాగింది.

యంత్రం మూలిగి ఆగింది. అందరూ పరుగెత్తుకొచ్చారు. వదిన వెళ్ళి ఒక దుప్పట్ల మూట మీద కూర్చుని, సీసా మూత తీసి మంచినీళ్ళు తాగింది. పక్కన చోటు చూపించి "రావే" అంది. మరదలు వచ్చి కూర్చుంది.

"ఏమైంది? ఎవరి చెయ్యి?" అంటూ వచ్చాడు గడియారం. కూర్చున్న ఇద్దరినీ చూసి ఎర్రబడ్డాడు. "ఏం జరగకుండానే ఆపావా? ఏంటిది?"

"బలం మందు వేళయింది. తీసుకుంటున్నాం."

"అది అక్కడ ఫ్రిజ్‌లో..."

"అది కాదు. ఆ డబ్బాకు ఈ పేరు పెట్టి నేను తప్పు చేశాను. ఇవాళ్టినుంచి ఇదే బలం మందు, ఈ కూర్చోవడం. పదిన్నరకు ఇరవై నిమిషాలు. పేరు నాది, దేనికి పెట్టాలో నా ఇష్టం" అని వేలెత్తి గోడ చూపించింది. "డాక్టరు కొనసాగించమన్నాడు. అందరికీ పనికొచ్చే సలహా అని మీరే అన్నారు, మీరే అంటించారు."

మడతపెట్టే ముసలాయన ఫక్కున నవ్వి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. కుట్టుపని ఆవిడ కూర్చుంది. ఉతికేవాళ్ళు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. అందరికన్నా ఆఖర్న వ్యాన్ డ్రైవరు, చేతిలోని డబ్బాను ఎక్కడ పెట్టాలో తెలియక కింద పెట్టి, దానికి కాస్త ఎడంగా కూర్చున్నాడు. గడియారం ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"మీ అందరి సంగతీ..." అని ఏదో అనబోయాడు.

"గడియారం గారూ, ఇంకా ఎంత టైముందో కాస్త చూసి చెప్పండి" అంది వదిన. ఆ పేరు అతని ముఖం మీద అనడం అదే మొదటిసారి.

అతను అలవాటు కొద్దీ మణికట్టు చూసుకున్నాడు.

"పద్దెనిమిది నిమిషాల ఇరవై సెకన్లు" అన్నాడు.