ఆకుపచ్చ ఎంజీ బేరం

భీమారావుకు కోపం ముక్కు మీదే ఉంటుందని బీర్‌గావ్ బస్తీ మొత్తానికీ తెలుసు. రాయ్‌పూర్ రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో ముప్పై మూడేళ్లు ఫిట్టరుగా చేసి, ఇద్దరు ఫోర్‌మెన్ల కాలర్లు పట్టుకుని, రావలసిన ప్రమోషన్లన్నీ చేజేతులా పోగొట్టుకుని రిటైరయ్యాడు. ఆ కోపం ఒక్క చిన్నారావు దగ్గరే తోక ముడిచేది. శ్రీకాకుళం నుంచి వచ్చిన తల్లీ తండ్రీ ఇక్కడే పోతే, తొమ్మిదేళ్ల తమ్ముణ్ణి అన్నం కలిపి పెట్టి పెంచింది తనే. అన్న కూర్చోమంటే కూర్చునేవాడు చిన్నారావు, లెమ్మంటే లేచేవాడు. నలభై ఒకటి వచ్చినా ఆ అలవాటు పోలేదు.

చిన్నారావు పదహారేళ్లుగా సిల్తారాలో స్పాంజ్ ఐరన్ కొలిమి దగ్గర కాంట్రాక్టు కూలీ. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఇంకో ఏడాది అక్కడే ఉంటే మనిషి దక్కడని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. అతణ్ణి అక్కణ్ణుంచి లాగి, మెయిన్ రోడ్డు మీద సొంత గ్యారేజీ పెట్టించాలి. దానికున్న దారి ఒక్కటే, ఆకుపచ్చ ఎంజీని అమ్మడం.

అది పంతొమ్మిది వందల యాభై రెండులో ఇంగ్లండులో పుట్టిన రెండు సీట్ల కారు. పొడుగాటి ముక్కు, మడిచేసే గుడ్డ టాపు. తిల్దాలో ఓ మూతబడ్డ రైస్ మిల్లు గోదాములో ఊక బస్తాల కింద తుక్కుగా దొరికితే, అన్నదమ్ములిద్దరూ తొమ్మిదేళ్లపాటు ఆదివారాలన్నీ దానికే ధారపోశారు. ఇంటర్నెట్‌లో ఫొటోలు పెట్టిన వారానికే బిలాస్‌పూర్ డాక్టరొకాయన వచ్చి చూసి, మారు బేరం లేకుండా ఖాయం చేసుకున్నాడు. మర్నాడు సాయంత్రం లారీ తెస్తానన్నాడు. భీమారావు మాట ఇచ్చేశాడు.

మర్నాడు ఉదయం వెనక బ్రేకు పైపు కారుతోందని తెలిసింది. ఇంటి ఆవరణలోనే కారు వెనక చక్రాలను పాత రైలు స్లీపరు దుంగల మీదికెక్కించి, ముక్కు గేటువైపు దింపి, ముందు చక్రాలకు చెక్క ఆపులు పెట్టారు. గోడ వైపునుంచి చిన్నారావు వెల్లకిలా లోపలికి జరిగాడు. భీమారావు బంపరు సందులో ఇనప కమ్మీకి కట్టిన ఎర్ర జెండా గుచ్చాడు. వర్క్‌షాపు కట్టుబాటది. బండి కింద మనిషుంటే జెండా ఉండాలి. జెండా ఉన్నంతసేపు ఎంత పెద్ద ఆఫీసరు చెప్పినా ఎవడూ బండి కదపడు. పెట్టినవాడే దాన్ని తీయాలి. తీశాడంటే కింద ఎవరూ లేరనే అర్థం. రిటైరై మూడేళ్లయినా భీమారావు ఇంట్లో కూడా అది తప్పేవాడు కాదు.

పదకొండింటికి గేటు ముందు జీపు ఆగింది. అందులోంచి దిలేశ్వర్ దిగాడు. సిల్తారాలో తుక్కు లారీలన్నీ అతని చేతిలోనే ఉంటాయి. వెంట ఇద్దరు మనుషులు. చేతిలో రాడ్డున్నవాడొకడు, మన్హరణ్ అనే బక్కపలచటివాడొకడు.

"కారు నాకు కావాలి. డాక్టరిచ్చేదానికి డబుల్ ఇస్తా," అన్నాడు దిలేశ్వర్ హిందీలో.

"జబాన్ దే దియా. మాటైపోయింది," అన్నాడు భీమారావు.

"నా ఊళ్లో నాకే కాదంటావా, ఆంధ్రావాలా?"

భీమారావు రక్తం సలసల కాగింది. ఈ ఊళ్లోనే పుట్టి, ఈ ఊళ్లోనే తల్లిదండ్రులకు తలకొరివి పెట్టినవాడు అతను. అయినా ముందు తమ్ముడి మీదికి ధ్యాస పోయింది. వీళ్ల కంటపడితే ఆ రోగిష్టి మనిషిని ముందు చావబాదుతారు. చూపు వాళ్ల మీంచి తిప్పకుండానే తెలుగులో గట్టిగా అన్నాడు.

"నువ్వు బయటికి రాకు. ఏటైనా సరే, కిక్కురుమనకు."

ఇంట్లో ఉన్న ఆడవాళ్లకు చెప్తున్నాడనుకున్నారు వాళ్లు. కారు కింద చిన్నారావు స్పానరును పిడికిట్లో బిగించి కదలకుండా ఉండిపోయాడు. అన్న చెప్పాడు కదా.

"తొయ్యండి రా బండిని!" అని అరిచాడు దిలేశ్వర్.

మన్హరణ్ రెండడుగులు వేసి టక్కున ఆగాడు. "జెండా ఉంది సేఠ్. వర్క్‌షాపులో ఎనిమిదేళ్లు చేశాను. ఇది ముట్టుకోకూడదు."

దిలేశ్వర్ అతని చెంప ఛెళ్లుమనిపించాడు. పెదవి చిట్లినా మన్హరణ్ కదల్లేదు. ఈలోగా రెండోవాడు రాడ్డెత్తి ఎంజీ దీపం మీద కొట్టాడు. తిల్దా గోదాములో ఒక్కటే పగలకుండా మిగిలిన దీపమది. గాజు భళ్లున రాలింది. రెండో దెబ్బకు ముందద్దం పోయింది.

ఇక భీమారావుకు ఒళ్లు తెలియలేదు. చేతికి ఏది అందితే అది లాగాడు. అందింది జెండా కమ్మీ. దాంతో రాడ్డువాడి భుజం మీద కొడితే ఎముక పటుక్కుమంది. పడ్డవాణ్ణి మళ్లీ కొట్టాడు, మోకాలి మీద, మొహం మీద. ఎర్ర గుడ్డ నెత్తుటిలో తడిసి కమ్మీకి చుట్టుకుపోయింది. దిలేశ్వర్ అడ్డమొస్తే కడుపులో పొడిచాడు.

"తియ్‌రా మన్హరణ్! బండి తియ్!" కింద పడి మూలిగాడు దిలేశ్వర్.

మన్హరణ్ బంపరుకేసి చూశాడు. జెండా లేదు. కాలితో చెక్క ఆపుల్ని తన్ని, తలుపు పట్టుకుని ఒక్క తోపు తోశాడు. వెనక చక్రాలు దుంగల మీంచి దిగబడ్డాయి.

"అన్నియ్యా" అన్న కేక సగంలోనే తెగిపోయింది.

భీమారావు మన్హరణ్ మీద పడ్డాడు. గొంతు నొక్కి తలను నేలకేసి మోదాడు. చంపేసేవాడే. ఊపిరాడక గిలగిల్లాడుతూ మన్హరణ్ అన్నాడు, "ఝండా తుమ్ హీ నే నికాలా, దాదా. నువ్వు తీస్తేనే కదా తోశాను."

భీమారావు చేతులు వదులయ్యాయి.

మన్హరణ్ లేచి తనే ముందు బండికింద భుజం పెట్టాడు. ఇద్దరూ కలిసి ఎత్తారు. చిన్నారావు ఛాతీ అణగిపోయి ఉంది. స్పానరు ఇంకా పిడికిట్లోనే ఉంది. నోటి వెంట నురగ వస్తోంది. ఆసుపత్రి గేటు దాటేసరికి అదీ ఆగిపోయింది.

మార్చురీ దగ్గర పోలీసు దరోగా కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. దిలేశ్వర్ మీద సాక్ష్యం చెప్పడానికి బస్తీ అంతా సిద్ధంగా ఉంది. మన్హరణ్ బేడీలతో ఓ మూల కూర్చున్నాడు. చిన్నారావు భార్య మాలతి జుట్టు విడిపోయి వచ్చి, భీమారావు చొక్కా పట్టుకుంది.

"ఎవులు తోసినారు బావా? ఆడి పేరు సెప్పు. నా పెనిమిటిని సంపినోడి పేరు సెప్పు!"

అతని కళ్ల ముందే అందరూ ఉన్నారు. వేలు చూపిస్తే చాలు, బస్తీ వాళ్లు మన్హరణ్‌ని అక్కడికక్కడే పాతరేసేవాళ్లు. ఆ వేలు ఎత్తడానికి భీమారావుకు జీవితంలో మొదటిసారి భయమేసింది.

"ఆడు తోసినాడు, నిజమే," అన్నాడు. "కానీ కింద ఎవులూ లేరని ఆడికి సెప్పింది నానే. జెండా పీకేసినాను, కొట్టడానికి. తమ్ముణ్ణి బయటికి రావొద్దన్నాను. ఆడు నా మాటిన్నాడమ్మా. ఇనకపోతే బతికుండేవోడు."

మాలతి అతని చొక్కా వదిలేసింది. తర్వాత కొట్టింది. రెండు చేతులా మొహం మీద, కళ్ల మీద, నోటి మీద కొట్టింది. గాజులు అతని బుగ్గమీదే చిట్లి చర్మంలో దిగాయి. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఏ మనిషి దెబ్బా ఊరికే తీసుకోని భీమారావు చేతులు కిందికి వేలాడేసుకుని నిలబడ్డాడు.

కానిస్టేబుల్ ఆమెను పట్టుకోబోయాడు. భీమారావు అతని చెయ్యి తోసేశాడు.

"మారనే దో," అన్నాడు, నెత్తురు మింగుతూ. "కొట్టనీ."

మాలతి మళ్లీ చెయ్యెత్తింది.