టెంకాయ తట్టే పాట

కోయంబత్తూరు ఒప్పనకార వీధి వెనక సందులో కృష్ణరాజ్ స్టోర్స్ పేరుతో రెండున్నాయి. ఒకటి టెంకాయల కొట్టు, రెండోది పాటల బ్యాండు. కొట్టుకు ముప్పై ఏళ్లు, బ్యాండుకు పదకొండు నెలలు. కొట్టు కృష్ణరాజ్‌ది, బ్యాండు ఆయన కూతురు సుజితది. ఈ రెంటిలో ఏది వీధికి ఎక్కువ తలనొప్పి తెచ్చిందో చుట్టుపక్కల ఎవరినడిగినా తడుముకోకుండా చెబుతారు.

సుజితకు పవర్ పాప్ పిచ్చి. ఆ పాటల్లో గిటార్లు వీధి చివరికి వినపడేలా మోగాలి, వరస మాత్రం నోట్లో వేసుకున్న బెల్లంముక్కలా ఉండాలి. మూడు నిమిషాల్లో ముగించేయాలి. పల్లవి దగ్గర ముగ్గురూ కలిసి గొంతెత్తాలి, మధ్యలో చప్పట్లు పడాలి. ఇంతా చేసి పాటలో చెప్పేది ఏడుపు. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు, పిల్లోడు ఫోన్ ఎత్తలేదు, నన్నెవరూ పట్టించుకోలేదు. ఏడుపును ఇంత హుషారుగా పాడేవాళ్లు లోకంలో ఇంకెవరూ లేరని సుజిత నమ్మకం. రాస్ప్‌బెర్రీస్ అనే పాత బ్యాండు వాళ్లు అందరూ ఒకేలాంటి సూట్లు వేసుకునేవారని చదివి, తన బ్యాండులో ముగ్గురికీ కొట్లో పనివాళ్ల ఆకుపచ్చ చొక్కాలు తొడిగించింది. చీప్ ట్రిక్ అనే ఇంకో బ్యాండు వాళ్లు జపాన్‌లో చేసిన కచేరీ రికార్డులో జనం పెట్టే కేకలు విని, అలాంటి కేక ఒక్కటి తనకోసం ఎవరైనా పెడితే చాలనుకుంది. ఇప్పటిదాకా పెట్టింది ఎదురు కొట్టు బట్టల వ్యాపారి ఒక్కడే, అదీ ఆపమని.

బ్యాండుకు కొట్టు పేరు పెట్టడానికి తండ్రిని ఒప్పించిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్లో కొందరు కుర్రాళ్లు, తాము రికార్డింగ్ చేసే చోటికి దగ్గర్లో ఉన్న సరుకుల కొట్టు పేరు చూసి తమకూ బిగ్ స్టార్ అని పెట్టుకున్నారని, ఈనాటికీ పవర్ పాప్ వాళ్లంతా ఆ పేరు తలుచుకుంటారని చెప్పింది. కృష్ణరాజ్ మురిసిపోయాడు. ఆ బ్యాండు రికార్డులు వచ్చిన రోజుల్లో పెద్దగా అమ్ముడుపోలేదన్న ముక్కను మాత్రం సుజిత లోపలికి మింగేసింది.

డ్రమ్స్ వాయించేది మేనత్త కొడుకు జీవ. అన్నూరులో వాళ్ల ఇంటి మగ్గాల షెడ్డు చూసుకుంటూ వారం చివర బస్సెక్కి వస్తాడు. బేస్ గిటారు షణ్ముగప్రియది. ఆమె తమిళమ్మాయి. సుజిత రాసే తెలుగు పాటలు ఆమెకు చదవడం తేలికే, ఎందుకంటే ఇంట్లో తెలుగే మాట్లాడినా దాని రాత రాని సుజిత వాటిని తమిళ అక్షరాల్లోనే రాసేది. వాళ్ల సాధన కొట్టు వెనక ఎండుకొబ్బరి గోడౌనులో. బస్తాలు కొంత మోత మింగేవి, మిగతాది వీధి మింగేది. అంతకు మించి వాళ్లకు చోటు లేదు. ఇళ్లలో డ్రమ్స్ పెట్టనివ్వరు, అద్దెకు తీసుకునే స్తోమత లేదు. గోడౌను పోతే బ్యాండు పోయినట్టే.

ఆ కొట్టుకూ గోడౌనుకూ సొంతదారు ముత్తుసామి. అరవై దాటిన మనిషి, నున్నటి తల, ఇస్త్రీ మడత నలగని పంచె. పదకొండేళ్లుగా రోజూ పొద్దున తొమ్మిదికి వచ్చి ఒక్క టెంకాయ కొంటాడు. ఆ ఒక్కదాని కోసం పది కాయలు చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తడతాడు. పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగినవాళ్లు కూడా అంత శ్రద్ధగా వినరు. అడ్డం వచ్చిన గిరాకీలంతా పక్కన నిలబడాల్సిందే.

ఇక్కడ ఆ ఇంటి అలవాటొకటి చెప్పాలి. కొట్లో గిరాకీలతో మాట తమిళం. గిరాకీల గురించి మాట తెలుగు. ఎదుటి మనిషి ముఖం మీదే, నవ్వు చెరగకుండా, ఏమైనా అనుకోవచ్చు. వాళ్ల తాత ముత్తాతల నుంచి వ్యాపారం అలాగే నడిచింది. ముత్తుసామి తట్టుడు మొదలుపెట్టగానే కృష్ణరాజ్ చేతులు కట్టుకుని, దేవుడికి దండం పెడుతున్నంత వినయంగా కూతురితో అనేవాడు:

“పాపా, ఈయన చీకటి పడేలోగా ముగించుతాడా, లేకుంటే చాప పరిచేదా?”

ముత్తుసామి తల ఊపి, తమిళంలో సరేనండీ అన్నట్టు “సరీంగ” అని, తట్టుడు సాగించేవాడు. ఒకసారి మాత్రం కృష్ణరాజ్ ఎడమ బుట్టలో కాయలు నిన్నటివని పనివాడికి తెలుగులో చెబుతుంటే, ముత్తుసామి చెయ్యి ఎడమ బుట్ట మీంచి లేచి కుడి బుట్టలోకి పోయింది. ఎంత చురుకైన ముసలాయన అని తండ్రీకూతుళ్లు ముచ్చటపడ్డారు. తెలివైనవాళ్లమనుకునే జనానికి అంతకంటే దూరం ఆలోచన పోదు.

బట్టల వ్యాపారి ఊరుకోలేదు, సొంతదారు దగ్గరికి పోయాడు. మర్నాడు ముత్తుసామి తన టెంకాయ సంచిలో వేసుకుంటూ తీర్పు చెప్పాడు. వచ్చే ఆదివారం పొద్దున వర్తక సంఘం వార్షికోత్సవం, దానికి తానే ముఖ్య అతిథి. పిల్లలను అక్కడ పాడమనండి, వింటాను. పాటైతే గోడౌను వాళ్లది. మోతైతే సోమవారం నుంచి దానికి ఇక తాళమే. ఇంతే చెప్పి, డ్రమ్సూ గిటార్లూ బయట పెట్టించి, గోడౌను తాళంచెవి అప్పుడే అడిగి తీసుకుపోయాడు.

సుజిత ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. గోడౌను పోతే జీవ అన్నూరులో మగ్గాల మధ్యే ఉండిపోతాడు, ప్రియ బ్యాంకు పరీక్షల పుస్తకాలు తెరుస్తుంది, తను టెంకాయలు లెక్కపెడుతుంది. వాళ్ల దగ్గరున్న ఇంగ్లీషు పాటలూ, తెలుగు ఏడుపు పాటలూ ఏవీ జనానికి ఎక్కవు. ఎక్కేది ఒక్కటే ఉంది, అదే చిక్కు. అది ముత్తుసామి మీద సరదాకు కట్టిన పాట. తండ్రి పదకొండేళ్లుగా అన్న మాటలన్నీ ఏరి, దానికి తీపి వరస కట్టి, టెంకాయ తట్టిన చోట చప్పట్లు పెట్టింది. వినగానే ఎవరి కాలైనా ఆడుతుంది.

ఆయన ముందు ఆయన పాటే పాడదామంటే జీవకు పై ప్రాణాలు పైనే పోయాయి.

“సుజీ, సంఘములో సగము మంది మనోళ్లే. అందురికీ తెలుగు వచ్చును. అగుపడిపోతాము.”

“వాళ్లకి తెలుగు వస్తే రానీ. ఎవురి మీద పాడతామో వాళ్లకేం తెలుసును? తెలిసేది ఆయనకే గదా, ఆయనకి తెలుగు రాదు.”

లెక్క చక్కగానే ఉంది. పైగా, ఆయన తాళం వేస్తానన్నందుకు ఆయన ముఖం మీదే కసి తీర్చుకుని, ఆయన చేతే చప్పట్లు కొట్టించుకోవచ్చన్న దురద కూడా ఉంది. సుజిత లాంటి పిల్లకు ఆ దురద పుడితే గోకక తప్పదు.

ఆదివారం పదకొండు గంటలకు కల్యాణ మండపం నిండా వర్తకులు. ముందు వరసలో ముత్తుసామి, ఆయన వెనక కృష్ణరాజ్. మొదట పాడిన ఇంగ్లీషు పాటకు జనం సెల్‌ఫోన్లు తీసి వాటిలో మునిగారు. ముత్తుసామి పంచె మడత సర్దుకున్నాడు. సుజిత జీవ వైపు చూసింది, జీవ కళ్లు మూసుకుని డ్రమ్ పుల్లలు నాలుగుసార్లు కొట్టాడు.

“పది కాయలు తట్టేవాడా, ఒక్క కాయ కొనేవాడా,
చెవి కాడ పెట్టి పెట్టి చిన్నగాను నవ్వేవాడా,
నీ తల తట్టితే, నీ తల తట్టితే
ఏం సద్దు వస్తాదో, సామీ?”

టక్, టక్. మూడు గొంతులు కలిసి పైకి లేచాయి. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు ముందుకు పాకింది. జీవ చెప్పింది నిజమే, సగం మండపం మనవాళ్లే. ఇన్నాళ్లూ ఒకరితో ఒకరు తమిళంలో బేరాలాడుకున్న పెద్దమనుషులు, పక్కవాడు కూడా నవ్వుతుంటే తెల్లబోయి చూశారు. రెండో చరణంలో చాప, చీకటి వచ్చేసరికి కృష్ణరాజ్‌కు అవి ఎక్కడి మాటలో అర్థమైంది. కుర్చీలో కిందికి జారి, జారి, ఎదుటి కుర్చీ వీపు వెనక దాక్కున్నాడు. ముత్తుసామి మాత్రం వేలి కణుపుతో కుర్చీ చేతి మీద సరిగ్గా తాళం ప్రకారం తడుతున్నాడు. సుజిత దాన్ని చూసింది. గెలిచామనుకుంది. ఆఖరి పల్లవి ఇంకో రెండుసార్లు ఎక్కువ పాడింది. ఎవరో నిజంగానే కేక పెట్టారు, ఈసారి ఆపమని కాదు.

పాటయ్యాక ముఖ్య అతిథి మైకు అందుకున్నాడు. వర్తకంలో నిజాయితీ గురించి తమిళంలో నాలుగు మంచి ముక్కలు చెప్పాడు. జనం ఆవలించడం మొదలుపెట్టాక, సుజిత వైపు తిరిగి, మైకు అలాగే పట్టుకుని, తేట తెలుగులో అన్నాడు:

“పాట శానా బాగుండాది కన్నూ. ఒకటి మాత్రము కొంచము సరిజెయ్యల్ల. నేను ఊరికే తట్టేదిలేదు. ఎడమ బుట్టలోటివి నిన్నటివని మీ నాయినే చెప్పె గదా, అందుకే తట్టుతాను.”

మండపం గొల్లుమంది. సుజిత లెక్క వేసుకుంది. పదకొండేళ్లు. చాప, చీకటి, నున్నటి తల మీద వేసిన జోకులు, పంచె మీద వేసినవి, ఒక్కొక్కటే గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. సిగ్గుతో పాటు భయం పట్టుకుంది. గోడౌను పోయింది. అదీ తన నోటి దురద వల్లే పోయింది. ముత్తుసామి ఇంకేమీ అనకుండా కారెక్కి వెళ్లిపోయాడు, తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

సోమవారం తొమ్మిదికి ఆయన వచ్చేసరికి కొట్లో ముగ్గురు బ్యాండు వాళ్లూ, కృష్ణరాజూ తప్పు చేసిన బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నారు. అసలు ఏ భాషలో పలకరించాలో కృష్ణరాజ్‌కు పాలుపోలేదు. తమిళంలో మొదలుపెట్టి, తెలుగులోకి మారి, క్షమించమని చేతులు జోడించాడు. ఎందుకు చెప్పలేదయ్యా ఇన్నాళ్లూ అని అడిగాడు.

ముత్తుసామి కాయల కుప్ప వైపు చూస్తూ చెప్పాడు. వాళ్లదీ తెలుగు కుటుంబమే, ఊరు చిన్నమనూరు పక్క. భార్య తమిళావిడ, పిల్లలకు తమిళం, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి తల్లి ఒక్కతే.

“మా అమ్మ పోయిన పదారో దినము కర్మకి టెంకాయ కొనేదానికి మొదుట ఈడికి వస్తిని. ఆ పొద్దు మీరు నన్ను తిట్టితిరి. అమ్మ పోయినంక నా చెవిలో పడిన మొదుటి తెలుగు మాట అది. నాకి వచ్చునని చెప్పింటే మీరు నోరు మూసుకోరా? ఆపైన నన్ను తిట్టేదానికి ఎవురు ఉండారు?”

ఒక్క కాయ కోసం పది కాయలు ఎందుకో, ఆ ఒక్క కాయ కోసం రోజూ రెండు వీధులు నడిచి రావడం ఎందుకో సుజితకు ఇప్పుడు తెలిసింది.

ముత్తుసామి జేబులోంచి తాళంచెవి తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. పెట్టి, దాని మీద వేలు ఉంచాడు. రెండో చేత్తో ఒక కాయ తీసి చెవి దగ్గర తట్టాడు. పక్కన పెట్టి రెండోది తీశాడు. కృష్ణరాజ్ వంగి వంగి, నిదానంగా చూడండయ్యా, మీకు తోచినంతసేపు చూడండయ్యా అన్నాడు. ఆ మర్యాదకు ముత్తుసామి ముఖం వాడిపోయింది. పది కాయలయ్యాయి. పన్నెండయ్యాయి. వేలు తాళంచెవి మీంచి కదల్లేదు. పదిహేనో కాయ దగ్గర ఆయన కళ్లెత్తి సుజిత వైపు చూశాడు. ఆ చూపులో అడుగుతున్నదేమిటో ఆమెకు తట్టింది.

ఆమె ఆయన వైపు తిరగలేదు. ఆయన అక్కడ లేనట్టే తండ్రితో అంది:

“నాయినా, ఈయన చీకటి పడేలోగా ముగించుతాడా, లేకుంటే చాప పరిచేదా?”

కృష్ణరాజ్ కూతురిని చూశాడు, సొంతదారును చూశాడు. ముప్పై ఏళ్ల అలవాటు ముందు ఒక్క రోజు మర్యాద ఎంతసేపు నిలుస్తుంది? చేతులు కట్టుకుని, నవ్వు చెరగకుండా అన్నాడు:

“చాప పరిచితే దిండు గూడా అడుగుతాడు పాపా.”

ముత్తుసామి వేలు తాళంచెవి మీంచి లేచింది. జీవ దాన్ని అందుకుని గోడౌను వైపు నడిచాడు. ముత్తుసామి ఏమీ తెలియని ముఖం పెట్టి, మీలో మీరు ఏం మాట్లాడుకుంటున్నారని తమిళంలో అడిగాడు. ఏమీ లేదండీ, కాయలు మంచివని చెబుతున్నానని కృష్ణరాజ్ తమిళంలోనే జవాబిచ్చాడు.

“సరీంగ,” అని ముత్తుసామి పదహారో కాయ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.