సొంత తలకే పెట్టుడు జుట్టు

నేను ఒక విగ్గును. నవ్వకండి. చాలా విగ్గులకు తాము ఎవరి నెత్తిన మొలిచామో తెలియదు, నాకు తెలుసు. రష్యాలో, అప్పట్లో స్వెర్ద్‌లోవ్‌స్క్ అనే ఊళ్లో, గ్లెబ్ అనే రాక్ గాయకుడి తల మీద భుజాలు దాటి పెరిగాను. పోలీసుల కంటపడకుండా నేలమాళిగల్లో జరిగే కచేరీల్లో అతను పాడుతూ తల విదిలిస్తే జనం ఊగిపోయేవారు. అతనికి వచ్చిన పేరులో సగం నాదేనని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఇంతలో సినిమాలో సైనికుడి వేషం వచ్చింది. పది రోజుల పనే కదా, మళ్లీ పెంచుకుంటానన్నాడు గ్లెబ్. స్టూడియోలో మేకప్ చేసే రైసా పెత్రోవ్నా కత్తెర వేసింది. పారేయడానికి మనసొప్పక, నన్ను పోగుపోగుగా వల మీద అల్లి పెట్టెలో దాచింది. ఆ పది రోజులు కాస్తా ఇరవై ఆరేళ్లయ్యాయి. సైనికుడి తర్వాత కాపలాదారు, ఆ తర్వాత టీవీ సీరియల్లో పోలీసు కెప్టెన్. కుర్రతనంలో కచేరీ మీదికి పోలీసులొస్తే గిటారుతో సహా కిటికీలోంచి పారిపోయినవాడతను! ఈలోగా నెత్తి నున్నబడింది. సీరియల్ చూసేవాళ్లకు ఆ బట్టతలే ముద్దు.

అయినా అతనికి ఒక్క కోరిక చావలేదు. తను రాసిన పాటలు జనం మళ్లీ ఒక్కసారైనా వినాలి. యాభై రెండో ఏట హాలు మాట్లాడుకుని, నేరుగా రైసా దగ్గరికి వచ్చి నన్ను ఇమ్మన్నాడు.

"ఇది నీ జుట్టే గ్లెబ్. కానీ ఇప్పుడు నీది కాదు," అందామె. వింటేనా?

నన్ను పెట్టుకుని వేదికెక్కాడు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. పాట మధ్యలోనే గుసగుసలు మొదలయ్యాయి. పోస్టరు మీద కెప్టెన్ బొమ్మ చూసి టిక్కెట్టు కొన్నామని, ఈ జులపాలాయన ఎవరని. కొందరు లేచారు కూడా. గ్లెబ్ పాట ఆపాడు. నన్ను తీసి మైకు స్టాండుకు తగిలించాడు.

హాలంతా లేచి ఒకటే చప్పట్లు. అతను అదే పాట మొదటినుంచి అందుకున్నాడు. ఎంత బాగా పాడాడో! నెత్తి మీదున్న రోజుల్లో ఎగరడమే సరిపోయింది, వినడానికి నాకు తీరికేదీ? జనం కూడా కదలకుండా విన్నారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

పాటయ్యాక ముందు వరుసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ పక్కావిడతో అంది. "పోలీసాయనకు ఇంత మంచి పాట ఎవరు రాసిచ్చారో, ఆ మహానుభావుడు."

గ్లెబ్‌కు వినబడింది. 'నేనే రాశాను' అనడానికి నోరు తెరిచాడు. ఆమె తడి కళ్లు చూసి ఊరుకుని, రెండో పాట ఎత్తుకున్నాడు.