స్టీరింగులోంచి తీసిన బరువు

రోజూ పొద్దున్నే ఆమె అరచేతులకు పాత గుడ్డపేలికలు చుట్టుకుని బండి ఎక్కేది. డ్రైవరు ఆమె కాదు, ఆమె భర్త. కానీ అతని కుడి భుజం పాడై రెండేళ్ళు దాటింది. బండేమో నాలుగు చక్రాలూ లాగే పాతకాలపు ట్రక్కు. కొండ ఎక్కమంటే మేకలా ఎక్కుతుంది గానీ మలుపు తిరగమంటే మొండికేస్తుంది. ఒక్క చేత్తో దాని స్టీరింగు తిప్పడం ఎవరి తరమూ కాదు. అందుకని మొగుడూ పెళ్ళాం ఒకే సీటు మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళు. మలుపు రాగానే అతను "పట్టు!" అనేవాడు. ఆమె చక్రాన్ని రెండు చేతులా పట్టి గుంజేది. మలుపు దాటగానే "వదులు!" అనేవాడు. ఆమె వదిలేసేది.

అలా కొండమీది రాళ్ళ క్వారీకి మంచినీళ్ళ డ్రమ్ములు మోసేవాళ్ళు. ఆ దారిలో ఇంకే బండీ ఎక్కదు కాబట్టి ఆ పని వాళ్ళకి మిగిలింది. ఆ కాపురంలో మిగిలిన మాటలు కూడా ఆ రెండే అని వీధిలో వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఎగతాళే గానీ అబద్ధం మాత్రం కాదు.

బండి ఎక్కకముందు ఆమె బట్టలు కుట్టేది. కత్తెర పడితే గుడ్డ దానంతటదే విడిపోతున్నట్టు ఉండేదని చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు వేళ్ళ కణుపులు వాచిపోయి, సూదిలో దారం ఎక్కించాలంటే కళ్ళమ్మట నీళ్ళు తిరుగుతున్నాయి. ఇలాగే ఇంకో ఏడాది గడిస్తే ఆ చేతులు దేనికీ పనికిరావని ఆమెకు తెలుసు. రాత్రి అన్నీ సర్దాక ఆ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, ఎవరివో అన్నట్టు చూసుకునేది.

అలాంటప్పుడు పట్నం నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. అక్కడ దానికి కుట్టుపని దుకాణం ఉంది.

"అక్కా, గుడ్డ కత్తిరించే మనిషి మానేసింది. నువ్వొచ్చేయ్. నెలాఖరుదాకా ఆగుతాను. ఆ తర్వాత ఎవరో ఒకర్ని పెట్టుకోక తప్పదు."

ఆమె ఆ సంగతి మొగుడికి చెప్పలేదు. ఎలా చెబుతుంది? తను దిగిపోతే బండి ఆగిపోతుంది, బండి ఆగితే మనిషి ఆగిపోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కానీ అతను గోడవతల నుంచి అంతా విన్నాడు. మర్నాడు నీళ్ళ డ్రమ్ములు దింపాక, ఆమె మొహం చూడకుండా అన్నాడు.

"దీనికి పవర్ స్టీరింగు పెట్టించేస్తున్నాను. ఇక నీ చేతుల్తో నాకు పన్లేదు."

ప్రేమగా మాట్లాడాల్సి వస్తే అతను అలాగే మాట్లాడతాడు. ఆమెకు అర్థమైంది.

మెకానిక్ షెడ్డులో రెండ్రోజులు పట్టింది. ఇంజను పక్కన పంపు బిగించాడు, బెల్టు తగిలించాడు, ఆయిల్ డబ్బా పెట్టి గొట్టాలు కలిపాడు. తుక్కులో కొన్న మరో ట్రక్కు నుంచి తెచ్చిన పవర్ బాక్సు కోసం పాత స్టీరింగు బాక్సు ఊడదీశాడు. అది ఊడగానే దాని వెనకే బరువు కూడా బయటికొచ్చింది. గుమ్మడికాయంత ఉంది, తడిబూడిద రంగులో. ఎన్నేళ్ళు తిప్పిన స్టీరింగుకి అన్నేళ్ళ బరువు. దాన్ని గోనెసంచిలో వేసి పాత సామానుతోపాటు ఓనరుకి అప్పజెప్పడం ఆ షెడ్డులో మర్యాద. ఓనర్లు తీసుకెళ్ళి పెరటి గోడవారన పెట్టుకుంటారు. వట్టి చేతుల్తో మాత్రం ఎవరూ ముట్టుకోరు. సంచిని గడ్డపారకి తగిలించి చెరోవైపూ మోస్తారు. ముట్టుకుంటే ముట్టుకున్నవాళ్ళలోకి దిగిపోతుంది మరి. కొత్త బండ్ల బరువు ఫ్యాక్టరీలోనే తీసేస్తారట. అక్కడ ఎవరిచేత పట్టిస్తారో ఎవరూ అడగరు.

ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజను వేయకుండా, మెకానిక్ స్టీరింగుని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పుతూ కూర్చున్నాడు. ఆయిల్లో బుడగలు ఆగేదాకా అలా తిప్పాలట, లేకపోతే గాలి మిగిలి పంపు మూలుగుతుందట. ఆ తర్వాత చక్రాలు దించి ఇంజను వేశాడు.

"అన్నా, ఇప్పుడు తిప్పి చూడు."

అతను తిప్పాడు. ఒక్క వేలితో. తిప్పి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు.

"ఎల్లుండి బస్సెక్కు," అన్నాడు.

"మీ తిండి?"

"తిండికేం? చేతులున్నాయిగా."

ఆ సంతోషంలోనే పొరపాటు జరిగింది. సంచి మోయడానికి మెకానిక్ గడ్డపార ఒక కొస ఎత్తాడు. రెండో కొసని అతను ఎడమ భుజానికి బదులు కుడి భుజానికి ఎత్తుకున్నాడు. భుజం జారింది. గడ్డపార పక్కకి ఒరిగి, సంచి మూతి విడిపోయి, బరువు మెకానిక్ కాళ్ళ మీదికి దొర్లింది.

"పట్టు!" అని భర్త అరిచాడు.

ఎవరితో అన్నాడో అతనికే తెలియదు. ఆమె చేతులు మాత్రం ఎప్పటిలాగే విన్నాయి. వంగి పట్టుకుంది.

"వదులు! వదులు!"

ఆ మాటా విన్నాయి. కానీ అప్పటికి వదలడానికి చేతుల్లో ఏమీ లేదు.

షెడ్డు నుంచి ఇంటికి నాలుగడుగులు. ఆమె పొద్దుగూకేదాకా నడిచింది. మూడోనాడు బస్సు దగ్గర ఎడమ కాలు మెట్టు మీదికి లేవలేదు. వెనక నుంచి ఇద్దరు తోశారు. ఎలాగో ఎక్కితే బస్సు ఆ పక్కకి ఒరిగి కదలనంది. డ్రైవరు నొచ్చుకుంటూ, "దిగమ్మా," అన్నాడు. ఆ దిగడానికీ ఇద్దరు కావలసివచ్చారు.

అతను ఇంట్లో కూర్చుని తల బాదుకున్నాడు. నేను అరవకపోతే బాగుండేదన్నాడు. మెకానిక్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, పాత బాక్సు మళ్ళీ బిగిస్తే ఆ బరువు దాని చోటికి అదే పోతుంది. కానీ అప్పుడు బండి..."

"వద్దు," అంది ఆమె. "ఆయన వేలితో తిప్పుకుంటున్నారు. నేను ఇలాగే కూర్చుంటాను. కూర్చునేగా కుట్టేది."

అంది గానీ, ఆమె కుర్చీ కాళ్ళు రోజూ కాస్త కాస్త నేలలోకి దిగుతున్నాయి. అతను కొండ నుంచి తిరిగొచ్చి ఆ కాళ్ళ వంక చూసేవాడు.

నెలాఖరు రోజు పొద్దున్న ఆమె మంచం దిగబోయి ముందుకి తూలిపడింది. ఒళ్ళు అంత తేలిగ్గా ఉంది. పెరట్లోకి పరుగెత్తింది. గోడవారన పాత బాక్సు లేదు. అతను బండి మెట్టు మీద కూర్చుని, ఆమె గుడ్డపేలికల్ని తన చేతులకు చుట్టుకుంటున్నాడు.

"బిగించేశారా?"

"నా భుజం ఎలాగూ పోయింది. నీ కాళ్ళు కూడా తీసుకుని నేనేం చేసుకోను?"

"మలుపుల దగ్గర ఎలా?"

"సగం డ్రమ్ములే ఎక్కిస్తాను. మెల్లగా పోతాను."

స్టీరింగు మీద పడేది డ్రమ్ముల బరువు కాదు, ముందున్న ఇంజనుదని ఇద్దరికీ తెలుసు. అతను చెప్పాడు, ఆమె నమ్మినట్టు తల ఊపింది. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్న పెద్ద అబద్ధం అదే.

"చెల్లెలు ఎదురుచూస్తుంటుంది. పో," అన్నాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అతను ఆగిపోతాడని ఏడవలేదు. ఈసారి కాలు మెట్టు మీదికి ఇట్టే లేచింది. బస్సూ ట్రక్కూ కొండ మొదటిదాకా ఒకే దారిన వెళ్ళి, అక్కడ విడిపోయాయి. కిటికీలోంచి ఆమెకు మొదటి మలుపు కనిపించింది. ట్రక్కు సగం తిరిగి ఆగింది. కాస్త వెనక్కి జారి, మళ్ళీ ఆగింది. అంతలో బస్సు పక్కకి తిరిగింది, కొండ అడ్డమొచ్చింది.

ఆమె ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఉంది. వేళ్ళు తెల్లబడిపోయాయి. టికెట్లు ఇస్తూ వచ్చిన ముసలి కండక్టరు ఆమె పక్కన ఆగాడు.

"ఎంతసేపలా పట్టుకుంటావు తల్లీ? వదులు. టికెట్ తీసుకో."

ఆ మాట కాదనడం ఆ చేతులకు అలవాటు లేదు. వదిలేశాయి.