రొట్టెల వ్యానులో రెండో చోటు

గిడ్డంగి కాపలా ఉద్యోగం నుంచి దిగిపోగానే టార్చి రెండు పనులు చేశాడు. మొదటిది, రొట్టెలు చేరవేసే ఒక పాత వ్యాను కొన్నాడు. రెండోది, అది తనకు అమ్మినవాడి మీద అనుమానం పెట్టుకున్నాడు.

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, దాన్ని ఎవరూ వాడక తుప్పు పట్టిపోయింది. చీకట్లో ఎదురైన ప్రతివాడి ముఖాన టార్చిలైటు కొట్టి "ఎవరది?" అని గద్దించేవాడు కాబట్టి టార్చి అయ్యాడు. ఒకసారి గిడ్డంగిలోని అద్దంలో తన ముఖానే లైటు కొట్టుకుని, అవతలివాడు జవాబు చెప్పేదాకా కదల్లేదని చెప్పుకునేవారు. అతని హయాంలో ఎలుకలు కూడా గేటు దగ్గర ఆగి, ఫలానా పని మీద వచ్చామని చెప్పుకుని మరీ లోపలికి వెళ్ళేవట.

వ్యాను సంగతి అంతకన్నా గొప్పది. ఎన్ని నీళ్ళు పోసి కడిగినా దాని రొట్టెల వాసన పోలేదు. ఇంటి ముందు నిలిపిన మొదటి రోజే పేటలోని కుక్కలన్నీ వెనక తలుపు దగ్గర వరస కట్టాయి. వాటిలో ఒకటి ముందుకు దూరబోతే మిగతావి అరిచి దాన్ని వరస చివరికి పంపించాయి.

ఆ వ్యానులో పక్క వేసుకుని, వంట సామాను పెట్టుకుని, కొండల అవతల ఉన్న సరస్సు ఒడ్డున నాలుగు రోజులు ఉండి రావాలి. తనూ, తన భార్యా. అంతే. మూడో మనిషి నీడ కూడా పడకూడదు. జీవితంలో టార్చి ఇంత గట్టిగా కోరుకున్నది మరొకటి లేదు. ఎందుకంటే ఆ ఇద్దరూ ఒక ఇంట్లోనే కాపురం చేశారు గానీ ఒక వేళలో చేయలేదు. అతనిది రాత్రి కాపలా. ఆవిడది పగలు లాండ్రీలో ఇస్త్రీ పని. ఆవిడ గుమ్మంలోకి వస్తుంటే అతను చెప్పులు వేసుకునేవాడు. అతను వస్తుంటే ఆవిడ జడ ముడేసుకునేది. ఇంట్లో ఉన్నది ఒకటే సన్న మంచం. పగలు అతనిది, రాత్రి ఆవిడది. సెలవు వచ్చినా రాత్రిపూట కన్ను మూత పడక అతను వరండాలోనే కూర్చునేవాడు. మరి పిల్లలిద్దరు ఎలా పుట్టారని అడిగే తుంటరులకు, ఏ ఉద్యోగంలోనైనా షిఫ్టు మారే వేళ ఒకటుంటుందని చెప్పాలి.

టార్చి భయమంతా బావమరిది గురించే. అతను బండ్లు బాగుచేసే మెకానిక్. మంచివాడే గానీ పిలవకుండా వచ్చేస్తాడు. ఆ మధ్య భార్యాభర్తలు సముద్రం చూసొద్దామని రహస్యంగా బయల్దేరి బస్సెక్కితే, కిటికీ పక్క సీట్లో చేతిరుమాలు పరిచి కూర్చుని "రా బావా, చోటు ఆపాను" అన్న ఘనుడు. ఇప్పుడీ వ్యానుకు కరెంటు తీగలు వేస్తున్నదీ, ఫ్యాను బిగిస్తున్నదీ అతనే. ఉత్త పుణ్యానికి ఎవడు ఇంత చాకిరీ చేస్తాడు?

అలాంటి మనసుతోనే టార్చి భార్యను వెంటబెట్టుకుని క్యాంపింగు సామాన్ల కొట్టుకు వెళ్ళాడు. కొట్టు నడిపే ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, చాలా ఓపికగా ఒక్కొక్కటే చూపించింది.

మడత కుర్చీలో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, కింద పడుకుని దాని కీళ్ళన్నీ టార్చివేసి చూశాడు. చిన్న గ్యాసు స్టవ్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది పేలదని మీరు చెప్పగలరా?"

"పేలితే చెప్పడానికి మీరు తిరిగొస్తారు కదండీ, అప్పుడు చూద్దాం" అంది కొట్టావిడ.

ఐసు పెట్టెలో తల దూర్చి, మూత వేయమని భార్యను అడిగాడు, లోపలికి వెలుగు వస్తుందో లేదో చూడ్డానికి. ఆవిడ వేసింది. తీయడానికి మాత్రం కొంచెం ఆలస్యం చేసింది.

కిటికీలకు నల్ల తెరలు, పైన వేలాడే లైటు, దోమతెర, కుళాయి ఉన్న నీళ్ళ క్యాను, వాన పడితే బండి పక్కకు లాగి కట్టుకునే గుడ్డ పందిరి. అన్నీ అతని విచారణలో నెగ్గి గల్లా బల్ల ఎక్కాయి. చివరికి పరుపు దగ్గరకు వచ్చారు.

"ఎంతమంది పడుకుంటారు?" అడిగింది కొట్టావిడ.

"ఒకరు" అన్నాడు టార్చి.

"ఇద్దరు" అంది భార్య, అదే క్షణంలో.

కొట్టావిడ కళ్ళజోడు పైకి తోసుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. భార్య ముఖం ఎర్రబడింది. "మా దగ్గర పరుపులు కుట్టే ఆయనున్నాడులే, కొలతిచ్చి కుట్టించుకుంటాం" అని గబగబా పక్కనున్న దిండ్ల వైపు తిరిగి రెండు తీసింది.

దారి పొడుగునా టార్చి ఆ రెండు దిండ్లూ చంకన పెట్టుకుని నడిచాడు. లోపల మాత్రం కాపలా గేటు తెరుచుకుంది. ఇద్దరా? ఒకరు తన భార్య. బాగుంది. తను ఎలాగూ బయట కుర్చీ వేసుకుని తెల్లార్లూ కూర్చుంటాడు. అందుకే కదా కుర్చీ కీళ్ళన్నీ అంతలా చూసింది! మరి ఆ రెండో దిండు మీద తల పెట్టేవాడెవడు?

జవాబు రెండు రోజుల్లో దానంతట అదే దొరికింది. ఆవిడకు సెలవు. ఉద్యోగం మానినా మానని పగటి నిద్రలో అతను ఉన్నాడని ఆవిడ నమ్మకం. వీధి వైపు మాటలు వినబడి కిటికీ రెక్క సందులోంచి చూశాడు. వ్యాను వెనక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల బావమరిది వెల్లకిలా, కాళ్ళూ చేతులూ చాపి, తాతగారి ఆస్తి మీద పడుకున్నట్టు పడుకుని ఉన్నాడు. తలుపు దగ్గర భార్య కొలత టేపు పట్టుకుని నిలబడింది.

"సరిపోయిందారా?"

"కాళ్ళు తగుల్తున్నాయక్కా. పక్కకు దొర్లితే కింద పడతాను కూడా. ఇంకో చెక్క వెయ్యాల్సిందే."

"గట్టిగా మాట్లాడకు, మీ బావ లేస్తాడు."

"లేస్తే ఏమవుద్ది?"

"అనుమానప్పక్షి. బండెక్కేదాకా తెలియకపోవడమే మేలు."

టార్చి కిటికీ దగ్గర్నుంచి వెనక్కి జరిగి మంచం మీద కూర్చున్నాడు. బస్సులో చేతిరుమాలు పరిచినవాడు ఈసారి ఏకంగా పరుపే పరుస్తున్నాడు. పైగా ఇంటిదొంగ సాయంతో! తను మాత్రం సరస్సు ఒడ్డున కుర్చీలో కూర్చుని, లోపల గుర్రు పెట్టే బావమరిదికి కాపలా కాయాలన్నమాట.

మర్నాడు ఆవిడ పనికి వెళ్ళాక వ్యానెక్కి చూశాడు. మంచం కొలత తాడుతో తీసి తను వేయించుకున్న సన్న చెక్క పక్కన, నిన్ననే బందులు బిగించిన మరో చెక్క మడిచి ఉంది. విప్పితే బండి సగానికి పైగా నిండిపోయింది. కింద నిలబెట్టిన పొట్టి కాళ్ళు కూడా ఉన్నాయి. పనితనం చూస్తే వంక పెట్టడానికి లేదు, అదొకటి మరింత మండించింది.

రంపం తెచ్చాడు. కోస్తున్నంతసేపూ వరసలోని కుక్కలు తల పక్కకు వంచి చూశాయి. ఊడిన చెక్కను వీధి గోడకు ఆనించి, రంపప్పొట్టు ఊడ్చి, చేతులు దులుపుకుని, ఎన్నడూ లేనంత హాయిగా వెళ్ళి పడుకున్నాడు.

సాయంత్రం వీధిలో గోల వినబడి లేచాడు. పరుపులు కుట్టే ఆయన తోపుడు బండి మీద కొత్త పరుపు తెచ్చాడు. మెత్తగా, మందంగా, నీలం చారల గుడ్డతో చక్కగా ఉంది. ఆయనా, బావమరిదీ చెరో పక్కా పట్టి దాన్ని వ్యానులో పరిచారు. పరుపులో సగం చెక్క మీద కూర్చుంది. మిగతా సగం దాహమేసిన ఎద్దు నాలుకలా కిందికి వేలాడింది.

"ఇదేంటి? నేను బిగించిన చెక్క ఏది?" బావమరిది మోకాళ్ళ మీద కూర్చుని తడిమాడు. "అక్కా, ఎవడో కోసేశాడు!"

"ఎవడో కాదు, నేనే" అన్నాడు టార్చి, గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని.

భార్య అతని వైపు తిరిగింది. భుజానికి లాండ్రీ సంచి ఇంకా వేలాడుతూనే ఉంది. "ఎందుకు కోశావయ్యా?"

"ఎందుకేమిటి? మీ తమ్ముడు కాళ్ళు చాపుకోవడానికి నా బండి దొరికిందా? కిటికీలోంచి అంతా చూశాను. సరిపోయిందారా అంట! కాళ్ళు తగుల్తున్నాయంట!"

"నేనా? నీ బండిలోనా?" బావమరిది నోరు తెరిచాడు. "బావా, సముద్రానికి వెళ్ళొచ్చిన రోజు నుంచి నేను బస్సెక్కితే ఒట్టు. దార్లో ఎన్నిసార్లు కక్కుకున్నానో నువ్వు చూడలేదా? బండ్ల కింద పడుకుని బతికేవాణ్ణి, లోపల కూర్చుంటే కడుపు తిప్పేస్తది నాకు."

"మరి కొలతలెందుకు తీయించుకున్నావు?"

"నీ అంత పొడుగు నేనొక్కణ్ణే కదా ఉన్నాను! నిన్ను పడుకోబెట్టి కొలుద్దామంటే, టేపు చూడగానే కేసు పెట్టేలా ఉన్నావు."

టార్చి గుమ్మం దిగాడు. "నా పొడుగెందుకు? రెండో చోటు ఎవరికి?"

పరుపులు కుట్టే ఆయన తోపుడు బండి చక్రం చూస్తున్నట్టు అటు తిరిగాడు.

"నీకేనయ్యా" అంది భార్య.

"నేను కాపలా ఉంటాను కదా!"

"ఏముందని కాపలా? ఆ ఐసు పెట్టెనెత్తుకుపోతారా? నీళ్ళ క్యానునా?" సంచి కింద పడేసింది. గొంతు పెరుగుతుందనుకుంటే తగ్గింది. "ఇన్నేళ్ళూ నువ్వు లేచిన పక్కలో నేను పడుకున్నాను. నేను లేచిన పక్కలో నువ్వు పడుకున్నావు. వెచ్చగా ఉండేది. ఆ వెచ్చదనం తప్ప నాకు నీ నిద్ర తెలియదు. ఎటు తిరిగి పడుకుంటావో తెలియదు. నాలుగు రోజులు సరస్సు దగ్గర ఆ పక్క సంగతేంటో చూద్దామనుకున్నాను. ముందే చెబితే నువ్వు కుర్చీ వేసుకుంటావని చెప్పలేదు. నువ్వేమో రంపం తెచ్చి నీ చోటు నువ్వే కోసేసుకున్నావు."

టార్చి వేలాడుతున్న పరుపు సగాన్ని చూశాడు. ముఖాన ఎవరో లైటు కొట్టినట్టు కళ్ళు చికిలించాడు. తర్వాత వెళ్ళి, గోడకు ఆనించిన చెక్క భుజానెత్తుకుని తనే తెచ్చాడు. ఒక పక్క ఐసు పెట్టె, మరో పక్క స్టవ్ అట్టపెట్టె ఆనించి, చెక్కను పాత చోట నిలబెట్టాడు. బావమరిది మేకులూ సుత్తీ తేవడానికి తన మెకానిక్ షెడ్డుకు పరుగెత్తాడు.

"కొట్టే ముందు ఒకసారి పడుకుని చూస్తే నయం. మందం ఎక్కువైతే ఇప్పుడే విప్పుతాను" అన్నాడు పరుపులు కుట్టే ఆయన, చక్రంతోనే మాట్లాడుతున్నట్టు.

ఇద్దరూ వ్యానెక్కారు. ఇద్దరూ ఒకేసారి లోపలి వైపుకు జరిగారు. భుజాలు తగిలాయి.

"గోడ వైపు నాది" అన్నాడు టార్చి.

"నీదెప్పుడైంది? నేనెప్పుడూ గోడ వైపే పడుకుంటాను."

"నేనూ గోడ వైపే!"

ఒకే మంచం మీద ఇద్దరూ ఇన్నేళ్ళుగా గోడ వైపే పడుకున్న సంగతి అప్పుడు బయటపడింది. కాసేపు వాదులాడుకున్నారు. తలుపు వైపు తను ఉంటే వచ్చేపోయేవాళ్ళు కనిపిస్తారని టార్చికి తోచి, అదేదో గొప్ప త్యాగమన్నట్టు అటు జరిగాడు. భార్య గోడ వైపు తిరిగి, రోజంతా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడిన కాళ్ళు చాపుకుని, "మెత్తగానే ఉంది" అంది. అంటూనే కళ్ళు మూసుకుంది.

టార్చి బిర్రబిగుసుకుని పైకప్పు చూస్తూ పడుకున్నాడు. కాసేపటికి ఎక్కడో గుర్రుమని చప్పుడు మొదలైంది. ఆగింది. మళ్ళీ ఈలలాంటి కొసతో ఎత్తుకుంది.

బావమరిది సుత్తితో తిరిగొచ్చి తలుపులోంచి తల పెట్టాడు.

"ఒరేయ్" అన్నాడు టార్చి గొంతు తగ్గించి, అనుమానంగా. "ఇంజను ఆపలేదా నువ్వు?"

"అసలు వెయ్యనే లేదు బావా."

టార్చి మెల్లగా పక్కకు తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మేకులు రేపు కొట్టు" అన్నాడు చివరికి. "ఆ సుత్తి కింద పెట్టు. చప్పుడు కాకుండా."