పూలవాసన మెకానిక్

పెళ్లయి ఐదేళ్లయింది గానీ, ఆ ఐదేళ్లలో ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నది నూట పద్దెనిమిది రోజులే. అతను విదేశంలో ఒక బస్సు డిపోలో మెకానిక్. పెళ్లికని వచ్చి, సెలవైపోగానే వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏడాదికోసారి చుట్టంలా వచ్చిపోయేవాడు. ఆమె ఒక హైస్కూల్లో సైన్సు ల్యాబ్ చూసుకునేది. పిల్లలంతా ల్యాబక్క అని పిలిచేవాళ్లు. చివరికి కాగితాలన్నీ కుదిరి, ల్యాబక్క రెండు సూట్‌కేసులతో భర్త దగ్గరికి చేరింది.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. వంటింట్లో సింకు పక్కనే, గట్టు కింద వాషింగ్ మెషీను. కిటికీ అవతల బస్సులు తిరిగే వీధి. భర్తతో ఫోన్లో గంటలు గంటలు మాట్లాడిన మనిషికి, ఎదురుగా కూర్చుంటే మాటలు దొరికేవి కావు. "అన్నం పెట్టనా?" అంటే "పెట్టు" అనేవాడు. "చాలా?" అంటే "చాలు" అనేవాడు. ఇద్దరూ కొత్త అద్దెకొచ్చిన వాళ్లలా ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ తిరిగేవాళ్లు.

నాలుగో రోజు పొద్దున అతను షూ లేసులు కట్టుకుంటూ అన్నాడు.

"బట్టల సబ్బు అయిపోయింది. వీధి చివర షాపులో మూడో వరుసలో ఉంటుంది. వెళ్లగలవా? సాయంత్రం నేనే తెస్తానులే."

"ఆ మాత్రం తేలేనా?" అంది గానీ, గుమ్మం దాటేసరికి భయమేసింది. ఆ దేశపు భాషలో ఆమెకి వచ్చినవి రెండే మాటలు, నమస్కారం, ధన్యవాదాలు. మూడో వరుసలో ఈ చివర నుంచి ఆ చివరిదాకా సీసాలే. ఒక నీలం సీసా మీద మడత పెట్టిన తెల్లని తువ్వాళ్లూ, వాటి మీద బుగ్గ ఆనించి నవ్వుతున్న పాపా ఉన్నారు. మూత తీసి చూసింది. మల్లెతోటలో అడుగు పెట్టినట్టయింది. ఇంకేం కావాలి? అనుమానం వస్తే కదా ఎవరినైనా అడగడానికి.

సాయంత్రం అతను తలుపు తీసేసరికి సీసా బల్ల మధ్యలో ఉంది. ల్యాబక్క పక్కనే నిలబడి ఉంది, ఫస్టు మార్కు వచ్చిన పిల్లలా.

"ఒక్కదాన్నే వెళ్లొచ్చాను. కౌంటర్లో అమ్మాయికి థాంక్యూ కూడా చెప్పాను."

అతను సీసా వైపు చూశాడు. నోరు తెరిచాడు. ఆమె మొహం చూశాడు. నోరు మూసుకున్నాడు.

"మంచిది తెచ్చావ్," అన్నాడు.

రేపు చెబుదాంలే అనుకున్నాడు. మర్నాటికల్లా ఆమె ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఉతికేసి, ఇస్త్రీ చేసేసి, వాళ్ల చెల్లెలికి ఫోన్ కూడా చేసేసింది. "ఇక్కడి సబ్బు పెట్టి ఉతికితే బట్టలు వెన్నలా ఉంటాయే!" అంటోంది. పాపం మెకానిక్కి కక్కలేక మింగలేక అయింది.

గ్రీజు మరకలకి ఈ మొహమాటాలేం తెలుసు? అవి ఎక్కడివక్కడే ఉన్నాయి. పైన మాత్రం ఘుమఘుమలు. డిపోలో బస్సు కిందికి దూరితే అవతలి వైపు నుంచి వెల్డింగ్ చేసే పొడుగాయన ముక్కు ఎగబీల్చి, "పూలకొట్టు వచ్చింది!" అని వాళ్ల భాషలో కేకేసేవాడు. రెండు రోజుల్లో డిపో అంతా అదే పేరు. ఫోర్‌మన్ పెద్దావిడ హాజరు పిలిచేటప్పుడు కూడా ఒకసారి నోరు జారి అలాగే పిలిచింది.

ఇంట్లో ల్యాబక్క చొక్కా వెలుగులో పట్టి చూసి దిగులు పడేది. "వాసన బాగుంది గానీ, మరక వదలట్లేదేంటండీ?"

ఆ దిగులు చూడలేక అతను ఒక పని చేశాడు. అసలు సబ్బుపొడి ఒక ప్యాకెట్టు కొని డిపోలో తన బీరువాలో దాచాడు. మధ్యాహ్నం తిండి ముగించి, షెడ్డు వెనక నీళ్లతొట్టి దగ్గర పని బట్టలు చేత్తో ఉతుక్కుని, వేడిగాలి గొట్టం పక్కన ఆరేసుకునేవాడు. ఇంటికి తెచ్చేసరికి అవి సగం శుభ్రం. వాటినే ఆమె మళ్లీ మెషీన్లో వేసి, తీసి, మురిసిపోయేది.

"సీసాలోంచి రెండు మూతలకి బదులు నాలుగు మూతలు పోశాను. చూశారా తేడా?"

"అవునవును," అన్నాడు అతను, ఎర్రగా దద్దులు లేచిన మణికట్టు గోక్కుంటూ.

"చేతికేమైంది?"

"కొత్త గ్రీజు. పడినట్టు లేదు."

ఇలా ఐదు వారాలు గడిచాయి. తువ్వాళ్లు మెత్తగా అయ్యాయి గానీ ఒంటి మీద నీళ్లు పీల్చడం మానేశాయి. స్నానం చేసి తుడుచుకుంటే తామరాకుతో తుడుచుకున్నట్టే. ఇక్కడి గుడ్డే అంత కాబోలు అని సరిపెట్టుకుంది.

ఒక బుధవారం అతను దగ్గరి చూపు కళ్లజోడు బల్ల మీద మర్చిపోయాడు. అది లేకపోతే చిన్న స్క్రూలు కనిపించవని ఆమెకి తెలుసు. ఇన్ని రోజుల్లో కాస్త ధైర్యం వచ్చింది కనుక తనే బస్సెక్కి డిపోకి వెళ్లింది. గేటు మనిషికి మొగుడి ఫోటో చూపిస్తే నవ్వి, షెడ్డు వెనక్కి చెయ్యి చూపించాడు.

అక్కడ అతను తొట్టి మీదికి వంగి, చొక్కా చేతులు పైకి మడిచి, ఆమె నిన్న ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా కాలర్ని సబ్బునురగలో పెట్టి బరబరా రుద్దుతున్నాడు. ఇంకోటి పక్కన తీగ మీద ఆరుతోంది.

ఆమె అడుగుల చప్పుడు కాకుండా కళ్లజోడు బెంచీ మీద పెట్టి వచ్చేసింది.

అతను వెనక్కి తిరిగి కళ్లజోడు చూశాడు. దాని పక్కన మనిషి లేదు. ఫోర్‌మన్ని అడిగి గంట ముందే బయల్దేరాడు.

ఇంటికి వచ్చేసరికి ల్యాబక్క ఉతకాల్సిన బట్టల బుట్ట ముందేసుకుని కూర్చుంది. బట్టలు మాత్రం ముట్టుకోలేదు.

"నేను ఉతికినవి మీకు నచ్చడం లేదని నోటితో చెప్పొచ్చుగా."

"అది కాదు..."

"ఎదురుగా బాగుందని, చాటుగా మళ్లీ ఉతుక్కుంటారా? అక్కడ అందరూ చూస్తుండగా! నేనేమన్నా పరాయిదాన్నా?"

అతను నీలం సీసా తెచ్చి ఆమె ముందు పెట్టి, తనూ నేల మీదే కూర్చున్నాడు.

"ఇది సబ్బు కాదు."

"మరి?"

"సబ్బుతో ఉతికాక చివర్లో కాస్త పోస్తారు, బట్టలు మెత్తబడతాయని. మురికి వదలదు దీనికి."

ఆమె ఫోన్ తీసి సీసా వెనకున్న అక్షరాల మీద పెట్టింది. తెర మీద తెలుగులో వచ్చింది. ఒకసారి చదివింది. రెండోసారి చదివింది.

"అంటే ఐదు వారాలుగా మురికి బట్టలకి సెంటు కొడుతున్నానన్నమాట."

"మొదటిరోజే చెప్పాల్సింది. తప్పు నాదే."

"ఎందుకు చెప్పలేదు?"

అతను బుట్టలోంచి వేలాడుతున్న చొక్కా చెయ్యి ఒకటి తీసి లోపలికి సర్దాడు.

"నువ్వొచ్చి అప్పటికి నాలుగు రోజులు. మెట్ల మీద ఎవరైనా ఎదురైతే గోడకి అతుక్కుపోయేదానివి. ఆ రోజు సీసా తెచ్చి నిలబడినప్పుడు నీ మొహం ఎలా ఉందో నీకు తెలీదు. ఫోన్లో ఐదేళ్లు చూశాను గానీ, అంత సంతోషం ఎప్పుడూ చూళ్లేదు. నా నోటితో దాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు." ఆమె వైపు చూసి, "పైగా తెలిస్తే నన్ను ఉతికి ఆరేస్తావని భయం కూడా," అన్నాడు.

"దేంతో? ఈ సెంటు నీళ్లతోనా?"

అతనికి నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు గానీ, పెదవి కొస కదిలింది. అది చూసి అతనికి ధైర్యం వచ్చింది.

"నీకొకటి చెబుతాను. ఎవరికీ చెప్పలేదు. నేనిక్కడికి వచ్చిన కొత్తలో పేస్టు అనుకుని ఒక ట్యూబు కొన్నాను. పుదీనా వాసన. పది రోజులు దాంతోనే పళ్లు తోముకున్నాను. నురగ రాదేంటా అనుకునేవాణ్ణి."

"ఏంటది?"

"కాళ్ల పగుళ్లకి రాసే మందు."

ల్యాబక్క రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు అదిరాయి. ఏడుస్తోందేమోనని అతను కంగారుపడి చెయ్యి వేశాడు. చేతులు తీసేసరికి నవ్వీ నవ్వీ కళ్ల వెంట నీళ్లు. "పళ్లకి పగుళ్లు లేకుండా పోయుంటాయి," అంది అతికష్టం మీద. ఇక ఇద్దరూ ఆగలేదు.

నవ్వు తగ్గాక ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని మెల్లగా అంది.

"నేను పదకొండేళ్లు ల్యాబులో చేశాను. ప్రయోగం తప్పడం నాకు కొత్త కాదు. ఫలితం దాచిపెడితేనే నాకు కోపం. నా మొహం ఎలా ఉన్నా సరే, నిజం చెప్పండి. మొహం నేను సర్దుకుంటాను."

"సరే," అన్నాడు. ఆ "సరే" మొదటి రోజుల "పెట్టు", "చాలు"లా లేదు.

శనివారం ఇద్దరూ కలిసి షాపుకి వెళ్లారు. ఈసారి ఆమె ప్రతి సీసా మీదా ఫోన్ పెట్టి చదివింది. రెండు పొడులు, రెండు ద్రవాలు, ఉన్నవాటిలో చిన్న ప్యాకెట్లు తీసుకుంది. ఇంటికొచ్చి అతని పాత బనీను కత్తిరించి పన్నెండు పీలికలు చేసింది. చెరగని ఇంకుతో నంబర్లు వేసింది. నాలుగింటికి గ్రీజు, నాలుగింటికి టీ, మిగతా నాలుగూ బనీను మెడ దగ్గరి చెమట మరకలే. నాలుగు గిన్నెల్లో ఒకే కొలత నీళ్లు, ఒకే వేడి, ఒకే సమయం. మెకానిక్ గడియారం పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"ఇంకెంతసేపు?"

"ల్యాబులో కబుర్లు చెప్పకూడదు," అంది, పిల్లల్ని అన్నట్టే.

ఇక్కడి నీళ్లలో సున్నం ఎక్కువని కెటిల్ అడుగున పేరుకున్న తెల్లటి పెచ్చు చూసి కనిపెట్టింది. అందుకే పొడులు సరిగ్గా కరగక పీలికల మీద గరుకు చారలు మిగిల్చాయి. ద్రవాలే నయం. గ్రీజు మీద ద్రవాన్ని నేరుగా రాసి, అరగంట నానబెట్టి, ఆ తర్వాత మెషీన్లో వేస్తే మరక సగానికి పైగా దిగింది. రెండు ద్రవాల్లో ఏది ఉంచుకోవాలన్నది అతని మణికట్టు తేల్చింది. ఒక్కోదానితో ఉతికిన చొక్కా నాలుగేసి రోజులు తొడిగించింది. వాసన ఉన్నదానికి దద్దులు మళ్లీ లేచాయి. అసలు వాసనే లేని తెల్ల సీసాకి చర్మం చల్లబడింది. ఎవరి కంటా పడకుండా అట్టడుగు అరలో ఉండే సీసా అది.

తువ్వాళ్లని వేడినీళ్లలో రెండుసార్లు ఉతికితే మళ్లీ నీళ్లు పీల్చాయి.

డిపోలో పొడుగాయన ముక్కు ఎగబీల్చి, వాసన తగలక, చొక్కా తేరిపార చూశాడు. "ఇంత తెల్లగా ఎలా?" అన్నాడు. మర్నాడు తన పాప గౌను తెచ్చాడు. ఆ పాపకీ ఒంటి మీద దద్దులట. మూడో రోజు ఫోర్‌మన్ పెద్దావిడే, "మీ ఆవిణ్ణి ఒకసారి తీసుకురా, మా అందరికీ చెబుతుంది," అంది.

ల్యాబక్క రెండు రోజులు ఆ భాషలో నాలుగు వాక్యాలు బట్టీ పట్టింది. క్యాంటీన్లో ఎనిమిది మంది ముందు పీలికలన్నీ పరిచి, ఒక్కోటీ చూపిస్తూ చెప్పింది. మరక మీద నేరుగా రాయండి. అరగంట ఆగండి. పిల్లలకి వాసన లేనిది వాడండి. నాలుగో వాక్యం మర్చిపోయింది. మెకానిక్ అందించబోతే చేత్తో ఆపి, కాసేపు వెతుక్కుని, తనే అంది. "నేను మొదట తప్పు సీసా కొన్నాను."

పొడుగాయన, "మా ఆవిడ కూడా!" అని బల్ల చరిచాడు. అందరూ నవ్వారు. ఫోర్‌మన్ కుర్చీ లాగి ఆమెని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

సాయంత్రం ఇద్దరూ స్టాపులో నిలబడ్డారు. సన్నగా తుంపర మొదలైంది. అతను సంచీ ఆమె తల మీద పట్టాడు. బస్సు మలుపు తిరిగి వస్తుంటే ఆమె అడిగింది.

"ఈ బస్సు మీరు బాగు చేసిందేనా?"

"బ్రేకులు మాత్రమే."

"అయితే ఎక్కుదాం పదండి," అని అతని చెయ్యి పట్టుకుంది.